పీవీ, పీఎఫ్ అక్షరాల వెనక ప్లాస్మోడియం వంశం

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. మీ జువాలజీ పుస్తకం మలేరియా పరాన్నజీవిని ప్రోటోజోవా వర్గం, స్పోరోజోవా విభాగం కింద పెట్టింది. వేరేచోట ఎపికాంప్లెక్సా అని, మరోచోట ఆల్వియోలేటా అని చదివారు. ఏది సరైనది? ఇది మొదటిది. మనిషికి మలేరియా తెచ్చేవి నాలుగు జాతులా, ఐదా? ఇది రెండోది. మీ అన్నయ్య రిపోర్టులో పీవీ అనీ, ఆయన రూమ్మేట్ రిపోర్టులో పీఎఫ్ అనీ వచ్చింది. ఇద్దరిదీ మలేరియానే అయినప్పుడు మందులెందుకు వేరుగా ఇచ్చారు? ఇది మూడోది. దీన్ని మీరు చివర్లో ‘అన్నట్టు’ అంటూ కలిపారు గానీ, నా లెక్కలో అసలు ప్రశ్న ఇదే. మిగతా రెండూ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి.

నేను 27 ఏళ్లు ల్యాబ్‌లో రక్తపు స్లైడ్లు చూసినవాణ్ణి. తర్వాత కొన్నాళ్లు పారాసైటాలజీ పాఠం చెప్పాను. వర్గీకరణ అనగానే క్లాసులో సగం మంది ఆవలింతలు మొదలుపెట్టేవారు. బట్టీ పట్టే జాబితాగా చూస్తే ఎవరికైనా విసుగే. కానీ ఒక్కో మెట్టు దగ్గర ఆగి ‘ఈ పేరు ఎందుకు పెట్టారు’ అని అడిగితే ఆ జీవి ఎలా బతుకుతుందో, దాన్ని ఎక్కడ దెబ్బ కొట్టొచ్చో తెలుస్తుంది.

ముందు పరీక్ష సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న వరస ఇది: నిజకేంద్రక జీవులు, వాటిలో ఆల్వియోలేటా అనే పెద్ద గుంపు, అందులో ఎపికాంప్లెక్సా వర్గం, ఎకోనాయిడాసిడా విభాగం, హీమోస్పోరిడా క్రమం, ప్లాస్మోడియిడే కుటుంబం, ప్లాస్మోడియం ప్రజాతి. మీ సిలబస్ పుస్తకం పాత పద్ధతిలో ఉంటే పుస్తకం ప్రకారమే రాసి, ‘ఆధునిక వర్గీకరణలో ఎపికాంప్లెక్సా’ అని ఒక వాక్యం చేర్చండి. మధ్య మెట్ల దగ్గర పుస్తకానికీ పుస్తకానికీ చిన్న చిన్న తేడాలుంటాయి, వాటి గురించి టెన్షన్ పడొద్దు.

ఇక ఒక అపోహ. డెంగీ, బోదకాలు, మలేరియా మూడూ దోమల వల్లే వస్తాయి కాబట్టి వాటిని తెచ్చే క్రిములు కూడా చుట్టాలే అనుకుంటారు చాలామంది. డెంగీది వైరస్, దానికి కణమే లేదు. బోదకాలు తెచ్చేది పురుగు, అంటే నోరూ పేగూ ఉన్న జంతువు. ప్లాస్మోడియం ఈ రెండూ కాదు. ఒక్కటే కణం, కానీ మన కణాల్లాగే కేంద్రకం, మైటోకాండ్రియా ఉన్న కణం. మూడూ ఎక్కే బస్సు ఒకటే, ఊళ్లు వేరు. బస్సులో కూడా తేడా ఉంది. డెంగీని ప్రధానంగా ఈడిస్ దోమలు మోస్తే, మనుషుల మలేరియాను మోసేవి ఎనాఫిలిస్ ఆడదోమలు మాత్రమే.

స్పోరోజోవా అనేది ఒకప్పుడు దొరికినవన్నీ పడేసిన గంప. నడవడానికి కశాభాలు లేవు, శైలికలు లేవు, మిథ్యాపాదాలు లేవు, ఏదో ఒక దశలో సిద్ధబీజం లాంటిది ఏర్పడుతుంది, పరాన్నజీవి. ఈ లక్షణాలుంటే చాలు, గంపలోకే. దాంతో పట్టుపురుగులకు పెబ్రిన్ తెగులు తెచ్చే నొసీమా, చేపల్లో ఉండే మిక్సోస్పోరిడియాలు, మన ప్లాస్మోడియం అన్నీ ఒకే చోట చేరాయి. తర్వాత డీఎన్ఏ పోల్చి చూస్తే నొసీమా శిలీంధ్రాలకు దగ్గరి బంధువని తేలింది. మిక్సోస్పోరిడియాలది ఇంకా విచిత్రం. అవి అసలు జంతువులే, జెల్లీ చేపల వంశంలోంచి దిగజారి సూక్ష్మజీవుల్లా మారినవి. అంటే గంపలో మామిడికాయలు, గులకరాళ్లు, ఒక పిల్లి కలిసి ఉన్నాయన్నమాట. గంపనే పక్కన పెట్టాల్సి వచ్చింది.

దాని బదులు వచ్చిన పేరు ఎపికాంప్లెక్సా. 1970లో నార్మన్ లెవిన్ పెట్టారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు వచ్చాక ఈ జీవుల కొసన ఒక పరికరాల పెట్టె లాంటిది కనబడింది. కొసను ఏపెక్స్ అంటారు, అక్కడున్న సముదాయం కాబట్టి ఎపికల్ కాంప్లెక్స్. అందులో రోప్ట్రీలు, మైక్రోనీమ్‌లు అనే చిన్న సంచులుంటాయి. ప్లాస్మోడియం మీరోజోయిట్ (రక్తకణంలోకి దూరే దశ) ఎర్ర రక్తకణాన్ని తాకినప్పుడు ఎలా పడితే అలా తాకుతుంది. తర్వాత తనంతట తానే దొర్లి, కొసభాగం కణం వైపు తిరిగేలా సర్దుకుంటుంది. ఆ సంచుల్లోని పదార్థాలు వదిలి, కణపు పొరకు బిగుసుకుని, ఆ పొరనే తన చుట్టూ ముసుగులా లాక్కుంటూ లోపలికి జారిపోతుంది. ఇదంతా నిమిషంలోపే అయిపోతుంది. బయట ఉన్నంతసేపే మన రోగనిరోధక శక్తికి అది దొరికే అవకాశం. లోపలికి వెళ్లాక అద్దె ఇల్లు దొరికినట్టే.

అదే వర్గంలో టాక్సోప్లాస్మా, క్రిప్టోస్పోరిడియం కూడా ఉన్నాయి. టాక్సోప్లాస్మాకు కొసన కోనాయిడ్ అనే శంకువు ఆకారపు నిర్మాణం ఉంటుంది. ప్లాస్మోడియంకు అది లేదనుకుని ‘కోనాయిడ్ లేనివి’ అనే అర్థంలో ఎకోనాయిడాసిడా అని పేరు పెట్టారు. తీరా ఈ మధ్య మరింత సూక్ష్మంగా చూస్తే, దోమ కడుపులో ఉండే ఊకినీట్ దశలో దాని ఆనవాళ్లు కనబడ్డాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. జీవశాస్త్రంలో ఇలాంటివి మామూలే.

ఇంకో మెట్టు పైకెళ్తే ఆల్వియోలేటా. కణపు పొర కింద చదునైన సంచుల వరస ఉండటం ఈ గుంపు గుర్తు. ఇక్కడ మీకు బాగా తెలిసిన చుట్టం ఒకరు కలుస్తారు. ప్రాక్టికల్స్‌లో చెప్పు ఆకారంలో బొమ్మ గీసిన పారమీషియం. సముద్రంలో నీళ్లను ఎర్రబరిచే, రాత్రిపూట మెరిసే డైనోఫ్లాజెల్లేట్లు కూడా ఈ గుంపే. అమీబా ఇందులో లేదు, కాలా అజార్ తెచ్చే లీష్మానియా లేదు. పాత పుస్తకాల్లో ఇవన్నీ ప్రోటోజోవా పేరుతో ఒకే పేజీలో ఉంటాయి గానీ, వాటి మధ్య దూరం చాలా ఎక్కువ. లీష్మానియాకు పనిచేసే మందు ప్లాస్మోడియంకు పనిచేయాలన్న నియమం ఏమీ లేదన్నది అందుకే.

డైనోఫ్లాజెల్లేట్లలో చాలావాటికి పత్రహరితం ఉంటుంది కదా, మరి వాటి బంధువైన ప్లాస్మోడియం సంగతేంటి? దీనికి జవాబు 1990లలో దొరికింది. ప్లాస్మోడియం కణంలో నాలుగు పొరలున్న ఒక చిన్న అంగం ఉంది, దానికి సొంత డీఎన్ఏ కూడా ఉంది. అది ఒకప్పటి హరితరేణువు అవశేషం. దాని పేరు ఎపికోప్లాస్ట్. ఎప్పుడో దీని పూర్వీకులు ఒక ఎర్ర శైవలాన్ని మింగి లోపల ఉంచుకున్నాయి. పరాన్నజీవిగా మారి చీకటి రక్తంలోకి వెళ్లాక కిరణజన్య సంయోగక్రియ పోయింది, కొన్ని అవసరమైన రసాయనాలు తయారుచేసే పని మాత్రం దానికి మిగిలింది. ఇంకా కిరణజన్య సంయోగక్రియ వదలని దగ్గరి చుట్టం క్రోమెరా వేలియా సిడ్నీ రేవులోని పగడం దగ్గర దొరికింది, 2008లో దాని వివరాలు ప్రచురించారు. మలేరియా క్రిమి మొక్కల తరఫు బంధుత్వం కూడా మోస్తోందని చెబితే క్లాసులో మొదటిసారి అందరూ తలెత్తి చూసేవారు.

వినడానికి బాగుంది, ఉపయోగం ఏంటి అంటారా? డాక్సీసైక్లిన్ బ్యాక్టీరియాను ఆపే మందు. మలేరియా తెచ్చేది బ్యాక్టీరియా కాకపోయినా దాని మీద ఈ మందు పనిచేస్తుంది. ఎపికోప్లాస్ట్ మూలం వెతుక్కుంటూ వెళ్తే చివరికి బ్యాక్టీరియా దగ్గర తేలుతుంది కాబట్టి, మందు దాన్ని పట్టుకుంటుంది. అయితే మందు తగిలిన తరం బతికేస్తుంది, దాని సంతానం చచ్చిపోతుంది. అందుకే డాక్సీసైక్లిన్ నెమ్మది. ముదిరిన మలేరియాకు దాన్నొక్కదాన్నే నమ్ముకోరు.

హీమోస్పోరిడా క్రమం దగ్గరికి వచ్చేసరికి వీటి బతుకంతా రక్తం, రక్తం తాగే కీటకాలు. ఇక్కడ విద్యార్థులు తడబడే మాట ఒకటుంది. నిశ్చిత అతిథేయి ఎవరు? దోమ. లైంగిక ప్రత్యుత్పత్తి అక్కడే పూర్తవుతుంది కాబట్టి. మనిషి మధ్యస్థ అతిథేయి. దోమ మనకు రోగం తెచ్చిందని మనం ఏడుస్తాం గానీ, ప్లాస్మోడియం వైపు నుంచి చూస్తే దోమే పుట్టిల్లు, మనం మధ్యలో మజిలీ. మన ఒంట్లో ఉన్నన్నాళ్లూ అది ఏకస్థితికమే, అంటే క్రోమోజోములు జతలుగా కాక ఒక్క వరసే. ద్వయస్థితికంగా ఉండేది దోమ కడుపులో సంయుక్త బీజంగా ఉన్న కాసేపే.

రక్తంలో ప్లాస్మోడియం తినేది హీమోగ్లోబిన్. ప్రోటీన్ ముక్కను అరిగించుకుంటుంది, మిగిలిన హీమ్ దానికి విషం. ఆ విషాన్ని స్ఫటికాలుగా మార్చి పక్కన పెడుతుంది. నల్లగా, గోధుమ రంగులో మెరిసే ఆ మట్టే హీమోజోయిన్. క్లోరోక్విన్ చేసే పని ఈ స్ఫటికాలు కట్టకుండా అడ్డుపడటం. అప్పుడు పరాన్నజీవి తన ఎంగిలి విషానికే తాను పోతుంది.

ఈ నల్లటి రేణువులే మలేరియా చరిత్రను నడిపించాయి. ఆల్ఫాన్స్ లావెరాన్ అనే ఫ్రెంచ్ సైనిక వైద్యుడు అల్జీరియాలోని కాన్‌స్టంటీన్‌లో జ్వరం రోగుల రక్తంలో ఈ నల్ల రేణువులున్న వింత కణాలను గమనిస్తూ ఉన్నాడు. 1880 నవంబరు 6న ఒక సైనికుడి రక్తంలో, అలాంటి గుండ్రటి కణంలోంచి సన్నని కొరడాలు బయటికొచ్చి చుట్టూ ఉన్న ఎర్రకణాలను అటూ ఇటూ నెట్టడం చూశాడు. కదులుతోంది అంటే ప్రాణం ఉన్నట్టే. అవి పురుష సంయోగబీజాలని తర్వాత తేలింది. ఆయన అదృష్టం, అప్పటికి రంగు వేసే పద్ధతులు రాలేదు, పచ్చి రక్తాన్నే చూసేవాడు. రంగు వేసి ఆరబెట్టిన స్లైడులో ఈ దృశ్యం జన్మలో కనబడదు. నేను ఒక్కసారి చూశాను. తీసిన రక్తపు చుక్కను పది పదిహేను నిమిషాలు స్లైడు మీదే వదిలేస్తే, చల్లబడేసరికి తాను దోమ కడుపులోకి చేరానని అది మోసపోతుంది. ముందు ఒక్క కణం వణుకుతుంది. తర్వాత దాని చుట్టూ ఎర్రకణాలు ఎవరో మోచేత్తో పొడిచినట్టు ఎగిరెగిరి పడతాయి. కొరడా మాత్రం చాలాసేపటికి గానీ కంటికి ఆనదు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్‌కు దారి చూపించింది కూడా ఆ నల్ల రేణువులే. రోగిని కుట్టిన దోమ కడుపు గోడలో ఆయనకు గుండ్రటి కణాలు కనబడ్డాయి. అవి దోమవే అయి ఉండొచ్చు. కానీ లోపల మలేరియా రక్తంలో ఉండే రేణువుల్లాంటివే ఉన్నాయి, దోమ కణాలకు అవి ఎక్కడివి? మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద మొత్తం చక్రాన్ని పట్టుకున్నాడు. అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ బృందం మనుషుల మలేరియాను ఎనాఫిలిస్ మోస్తుందని నిరూపించింది. రాస్‌కు 1902లో, లావెరాన్‌కు 1907లో నోబెల్ వచ్చింది. గ్రాస్సీకి రాలేదు, ఆ గొడవ వేరే.

ప్రజాతి పేరు మీద చిన్న పిట్టకథ. లావెరాన్ మొదట దీనికి ఆసిల్లేరియా అని పేరు పెట్టాడు. 1885లో మార్కియఫావా, చెల్లీ అనే ఇటాలియన్లు ప్లాస్మోడియం అన్నారు. అప్పటికే ఆ మాట జిగురు బూజుల్లో అనేక కేంద్రకాలున్న ముద్దకు వాడుకలో ఉంది. అందుకే మీరు ప్లాస్మోడియం అని వెతికితే అప్పుడప్పుడు పసుపు రంగు బూజు ఫొటోలు వస్తాయి. దానికీ మలేరియాకూ సంబంధం లేదు.

ప్లాస్మోడియం ప్రజాతిలో 200కి పైగా జాతులున్నాయి. పక్షులవి, బల్లులవి, ఎలుకలవి, కోతులవి. మనిషి దగ్గర లెక్కకొచ్చేవి ఐదు: ఫాల్సిపారం, వైవాక్స్, ఓవేల్, మలేరియే, నోలెసి. ‘నాలుగు’ అని రాసిన పుస్తకాలు నోలెసిని లెక్కలోకి తీసుకోని రోజులవి.

ఓవేల్ గురించి క్లుప్తంగా. 1922లో స్టీఫెన్స్ వేరు చేశాడు, కణం కోడిగుడ్డు ఆకారంలో సాగి, అంచులు చిరిగినట్టు ఉంటుంది. 2010లో ఇది చూడ్డానికి ఒకటే గానీ ఒకదాంతో ఒకటి కలవని రెండు రకాలని జన్యువుల ద్వారా తేలింది, వాటికి కర్టిసి, వాలికెరి అని పేర్లు. వీటిని రెండు జాతులుగా లెక్కపెట్టేవాళ్లు ఆరు అంటారు, అదీ తప్పు కాదు.

మలేరియే పేరు చూసి అసలు మలేరియా దీనివల్లే అనుకోకండి. ఐదింటిలో ఇది బద్ధకస్తురాలు. ఫాల్సిపారం, వైవాక్స్, ఓవేల్ 48 గంటలకోసారి కణాలను పగలగొడితే ఇది 72 గంటలు తీసుకుంటుంది. జ్వరం వచ్చే తీరును, ఈ విభజనను 1885, 86లలో ముడిపెట్టినవాడు గోల్జీ. తమాషా ఏంటంటే మన ఆయుర్వేద గ్రంథాల్లో తృతీయక, చతుర్థక జ్వరాలని ఎప్పటినుంచో ఉన్నాయి. జ్వరం వచ్చిన రోజును ఒకటిగా లెక్కపెడితే 48 గంటలది మూడో రోజు, 72 గంటలది నాలుగో రోజు వస్తుంది. లాటిన్ వాళ్ల టెర్షియన్, క్వార్టన్ కూడా సరిగ్గా ఇదే లెక్క. మలేరియే రక్తంలో కొద్ది సంఖ్యలో దశాబ్దాల పాటు దాక్కోగలదు. పిల్లల్లో మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

నోలెసి నిజానికి కోతులది. 1932లో కలకత్తాలో నోల్స్, దాస్‌గుప్తా కోతి రక్తం నుంచి దీన్ని మనుషులకు ఎక్కించి చూశారు, ఎక్కింది. ఆ రోజుల్లో అలాంటి ప్రయోగాలకు ఇప్పటిలా కట్టుబాట్లు లేవు. నోల్స్ పేరు మీదే దీని పేరు. దోమ కాటుతో సహజంగా మనిషికి వచ్చిన మొదటి కేసు మలేషియాలో 1965లో దొరికింది. అరుదైన వింత అని అందరూ వదిలేశారు. 2004లో సరవాక్‌లోని కపిట్ ప్రాంతంలో పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష చేసి చూస్తే, మైక్రోస్కోపు కింద ‘మలేరియే’ అని రాసిన కేసుల్లో చాలావరకు నోలెసి. రెండూ కణానికి అడ్డంగా పట్టీ కట్టినట్టు కనబడతాయి, కన్ను మోసపోతుంది. పేరులో పొరపాటే గదా అనుకోవద్దు. మలేరియేది 72 గంటల నడక, నోలెసిది 24 గంటల పరుగు. రోజుకోసారి రెట్టింపుల లెక్కన పెరిగి, చూస్తుండగానే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక మీ అన్నయ్య, రూమ్మేట్ల సంగతి. పీవీ అంటే ప్లాస్మోడియం వైవాక్స్, పీఎఫ్ అంటే ప్లాస్మోడియం ఫాల్సిపారం. ఒకే ప్రజాతి కాబట్టి అన్నదమ్ములనుకుంటాం. వంశవృక్షం అలా చెప్పదు. వైవాక్స్‌కు దగ్గరివి ఆసియా కోతుల్లో ఉండే జాతులు, మనం ఇప్పుడే చెప్పుకున్న నోలెసి కూడా వాటిలో ఒకటి. ఫాల్సిపారం బంధువులు ఆఫ్రికా చింపాంజీల్లో, గొరిల్లాల్లో ఉన్నాయి, అది గొరిల్లాల నుంచే మనిషికి దాటిందని 2010లో తేలింది. అందుకే దాన్ని లావెరానియా అనే వేరే ఉపప్రజాతిలో పెడతారు. ఆ లావెరాన్ పేరే. మిగతా నాలుగూ ప్లాస్మోడియం ఉపప్రజాతి. అంటే మీ అన్నయ్య ఒంట్లోదీ, రూమ్మేట్ ఒంట్లోదీ చాలా దూరపు చుట్టాలు. ఇద్దరికీ వచ్చిన చలి, జ్వరం, చెమట ఒకటే కావచ్చు, లోపల నడిచేది వేరు.

ఫాల్సిపారం ఎర్రకణం వయసు చూడదు, ముసలిదైనా పడుచుదైనా దూరుతుంది. అందుకే సంఖ్య అదుపు లేకుండా పెరుగుతుంది. వైవాక్స్ మాత్రం అప్పుడే పుట్టిన లేత కణాలనే వెతుక్కుంటుంది, అవి రక్తంలో నూటికి ఒకటో రెండో. దాంతో దాని పెరుగుదలకు సహజంగానే కళ్లెం పడుతుంది. పైగా కణం మీద డఫీ అనే ప్రోటీన్ ఉంటే దానికి దారి సులువు. ఆ ప్రోటీన్ లేని జనం ఎక్కువగా ఉన్న పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో వైవాక్స్ అరుదు.

ఫాల్సిపారం ఇంకో పని చేస్తుంది. కాస్త ఎదగగానే, తానున్న కణం మీద బొడిపెల్లాంటివి మొలిపించి, రక్తనాళాల గోడలకు అతుక్కుంటుంది. ప్లీహం గుండా వెళ్తే అక్కడ వడకట్టి చంపేస్తారని దాని భయం. అలా మెదడులోని సన్నటి నాళాల్లో అతుక్కుంటే వచ్చేదే సెరిబ్రల్ మలేరియా. అతుక్కోవడానికి వాడే ప్రోటీన్‌కు దాని దగ్గర దాదాపు 60 రకాల జన్యువులున్నాయి, మన శరీరం ఒకదాన్ని గుర్తుపట్టేలోపు ఇంకో చొక్కా తొడుక్కుంటుంది. ప్రపంచవ్యాప్తంగా 2023లో మలేరియాతో సుమారు 5.97 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అత్యధికం ఫాల్సిపారం ఖాతాలోవే. రూమ్మేట్‌కు వెంటనే ఆర్టెమిసినిన్ కలిసిన మందుల జంట ఇచ్చింది అందుకే. ఆలస్యం చేయకూడని రకం అది. మలేరియాకు వచ్చిన టీకాలు రెండూ కూడా దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవే, వైవాక్స్‌ను ఆపవు.

అలాగని వైవాక్స్‌ను ‘మంచి మలేరియా’ అనే మాట నాకు నచ్చదు. దాని కిటుకు కాలేయంలో ఉంది. దోమ వదిలిన స్పోరోజోయిట్లు ముందు కాలేయంలోకే వెళ్తాయి. ఫాల్సిపారం అక్కడ వారం రోజులు పెరిగి మొత్తం బయటికొచ్చేస్తుంది. వైవాక్స్, ఓవేల్ కొన్నింటిని నిద్రపుచ్చి అక్కడే ఉంచుతాయి. వాటిని హిప్నోజోయిట్లు అంటారు, నిద్రబీజాలు అనుకోండి. రక్తంలోవన్నీ చచ్చి, జ్వరం తగ్గి, మనిషి మామూలుగా తిరుగుతుంటాడు. వారాలకో నెలలకో నిద్రబీజం లేస్తుంది, కొత్తగా దోమ కుట్టకపోయినా మళ్లీ చలిజ్వరం మొదలు. క్లోరోక్విన్ రక్తంలోవాటిని చంపుతుంది, నిద్రపోయేవాటి జోలికి పోలేదు. వాటికి ప్రైమాక్విన్ కావాలి, సాధారణంగా 14 రోజులు. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఈ మందుతో ఎర్రకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది, గర్భిణులకు ఇవ్వరు, కాబట్టి డాక్టరు చూసే ఇస్తారు. ఫాల్సిపారం రోగికి కూడా ఒక్క మోతాదు ప్రైమాక్విన్ రాయొచ్చు, కానీ దాని పని వేరు. రక్తంలో మిగిలిన సంయోగబీజ కణాలను చంపి, దోమకు అంటకుండా చేయడానికి.

స్లైడు మీద వీటిని ఎలా పోల్చుకుంటామో మీరు అడగలేదు గానీ, జువాలజీ వాళ్లకు చెప్పకుండా ఉండలేను. వైవాక్స్ ఉన్న కణం ఉబ్బుతుంది, చుట్టూ ఉన్నవాటి పక్కన పెద్దమనిషిలా కనబడుతుంది. లోపల పరాన్నజీవి అమీబాలా అడ్డదిడ్డంగా సాగి ఉంటుంది, కణమంతా గులాబీ రంగు చుక్కలు, వాటిని షఫ్నర్ చుక్కలంటారు. వైవాక్స్ అంటే లాటిన్‌లో హుషారైనది అని అర్థం, ఆ సాగుడు చూస్తే పేరు సరిపోయిందనిపిస్తుంది. ఫాల్సిపారంలో కణం ఉబ్బదు, లోపల సన్నని ఉంగరాలు, ఒక్కో కణంలో రెండు మూడు కూడా. ఎదిగిన దశలు నాళాలకు అతుక్కుపోతాయి కాబట్టి వేలి రక్తంలో ఉంగరాలే ఎక్కువగా కనబడతాయి. తర్వాత కొడవలి ఆకారపు సంయోగబీజ కణాలు వస్తాయి. ఫాల్సిపారం అన్న పేరులోని ‘ఫాల్స్’ కొడవలే. ఒక జాగ్రత్త: జీమ్సా రంగు కలిపే నీళ్ల పీహెచ్ 7.2 దగ్గర ఉండాలి. నీళ్లు ఆమ్లంగా ఉంటే షఫ్నర్ చుక్కలు మాయమైపోతాయి, చూసేవాడు తప్పు రాస్తాడు.

నేను రాసిన తప్పు మాత్రం నీళ్ల వల్ల కాదు, తొందర వల్ల. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, సాయంత్రం, ఇంకా 30 స్లైడ్లు మిగిలి ఉన్నాయి. ఒకదాంట్లో రెండో ఫీల్డులోనే ఉబ్బిన కణం, నిండా చుక్కలు, పాఠ్యపుస్తకంలో బొమ్మలా. పీవీ అని రాసి పక్కన పెట్టేశాను. మా సీనియరుకు కొన్ని స్లైడ్లు మళ్లీ చూసే అలవాటు. కాసేపటికి పిలిచి, ఏమీ అనకుండా తన కుర్చీలో కూర్చోబెట్టారు. పల్చటి పూత చివర, కణాలు విడివిడిగా ఉన్నచోట, ఉబ్బని కణంలో దారప్పోగు లాంటి ఉంగరాలు రెండు. కాస్త పక్కకు జరిపితే కొడవలి. రెండు జాతులూ కలిసి ఉన్నాయి. రోగిని ఆ రాత్రే వెనక్కి పిలిపించి మందు మార్చారు. ఆయన బాగానే బయటపడ్డాడు. ఆ తర్వాత ఒక జాతి దొరికిందని స్లైడు దించడం మానేశాను, వంద ఫీల్డులూ చూసేవాణ్ణి.

ఇప్పుడు చాలాచోట్ల స్లైడు బదులు కార్డు టెస్టు చేస్తున్నారు. దాంట్లో ఒక గీత ఫాల్సిపారం విడుదల చేసే హెచ్ఆర్‌పీ2 ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఇది జబ్బు తగ్గాక కూడా కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది కాబట్టి, రూమ్మేట్ మందులు అయిపోయాక కార్డులో మళ్లీ గీత చూసి కంగారు పడొద్దని చెప్పండి. నిజంగా జ్వరం తిరగబడితే స్లైడు చూడాలి.

మీ అన్నయ్య విషయంలో మాత్రం ఒక పని చేయండి. ప్రైమాక్విన్ రాశారా, రాస్తే ఎన్ని రోజులు వేసుకున్నారో అడగండి. జ్వరం మూడో రోజుకే తగ్గిపోతుంది కాబట్టి చాలామంది అక్కడితో మాత్రలు ఆపేస్తారు. ఆపేసి ఉంటే రాసిన డాక్టరునే మళ్లీ కలవమనండి. ఆ పీవీ రిపోర్టు కాగితం కూడా పారేయొద్దు. వచ్చే ఆరు నెలల్లో ఎప్పుడు చలితో జ్వరం వచ్చినా ముందు దాన్నే చూపించాలి.